టెక్సస్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ: పిల్లల్ని ఆ రెండు సంతకాలు పెట్టనివ్వకండి

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో ప్రాంతాల తెలుగు సంఘాల కార్యవర్గాలకు,

నమస్కారం. ఫాల్ సెమిస్టర్ బ్యాచ్ దిగే రోజులు దగ్గర పడ్డాయి. ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకురావడం, గది దొరికేదాకా ఎవరో ఒకరింట్లో ఉంచడం, పాత పరుపులు, రైస్ కుక్కర్లు సర్దిపెట్టడం, మొదటి పండక్కి పిలిచి అన్నం పెట్టడం, ఇవన్నీ మీరు ఏటా చేస్తున్నారు. డెంటన్‌లో, ఆర్లింగ్టన్‌లో, రిచర్డ్‌సన్‌లో చదువుకునే పిల్లల్ని అడిగితే మీ గురించి మంచే చెప్తారు. ఈ ఉత్తరం మీ మీద ఫిర్యాదుగా రాయడం లేదు. కాస్త కోపం మాత్రం ఉంది. కారు ఇన్సూరెన్స్ కొనేటప్పుడు మన పిల్లలు చదవకుండా పెట్టేస్తున్న రెండు సంతకాల గురించి. అదెందుకో చెప్తాను.

నేను ప్లేనోలో ఉంటాను. చాలా ఏళ్ళుగా కారు ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ పనిలో ఉన్నాను. ప్రమాదం జరిగాక ఎవరికి ఎంత రావాలో లెక్క తేల్చేవాళ్ళలో ఒకణ్ణి. మన పిల్లలెవరైనా రోడ్డు ప్రమాదంలో పోయినా, కాళ్ళు చేతులు విరిగి ఆసుపత్రిలో పడినా గంటల్లో గోఫండ్‌మీలో విరాళాల పేజీ తయారవుతుంది, మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. నేనూ చేతనైనంత వేస్తాను. వేస్తూ ప్రతిసారీ ఒకటే అనుకుంటాను: ఆ కారు పాలసీలో ఏం రాసుందో. తెలిసినవాళ్ళ ద్వారా ఆ కాగితం నా దాకా వచ్చిన చాలా సందర్భాల్లో కనిపించింది ఇదే. చట్టం అడిగిన కనీసం ఉంది, ఆపైన ఏమీ లేదు.

టెక్సస్ చట్టం ప్రతి డ్రైవర్‌నీ అడిగే కనీసాన్ని ఇక్కడ 30/60/25 అంటారు. 2008లో అది 25/50/25 అయింది, 2011 జనవరి నుంచి ఇప్పుడున్న అంకెలు. మీ తప్పు వల్ల అవతలి మనిషికి దెబ్బలు తగిలితే ఒక్కొక్కరికి 30 వేల డాలర్ల వరకు, ఎంతమంది గాయపడినా అందరికీ కలిపి 60 వేల వరకు, వాళ్ళ బండి, గోడ, కరెంటు స్తంభం లాంటి ఆస్తి నష్టానికి 25 వేల వరకు మీ ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. ఈ మూడింటిలో ఒక్క డాలర్ కూడా మీకు రాదు. మీ ఎముక విరిగితే, మీ కారు నుజ్జయితే, మీ పక్కసీట్లో కూర్చున్న స్నేహితుడికి అవతలివాడి తప్పు వల్ల తల పగిలితే 30/60/25 నోరెత్తదు.

ఇది కొత్తగా వచ్చిన పిల్లలకి అర్థం కాకపోవడానికి కారణం వాళ్ళ తెలివితక్కువతనం అనుకోకండి. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో బండి నడిపినవాళ్ళకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అంటే వేరే లెక్క. అక్కడ మోటారు వాహనాల చట్టం కింద ప్రమాదంలో మనిషి చనిపోయినా గాయపడినా కంపెనీ కట్టాల్సినదానికి పాలసీలో పై హద్దు ఉండదు. ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే అంత కడుతుంది. హద్దంతా ఆస్తి నష్టానికే, అదీ కారుకైతే 7.5 లక్షలు. అందుకని 'ఇన్సూరెన్స్ ఉందిగా, వాళ్ళే చూసుకుంటారు' అనే ధీమా ఒకటి మనలో స్థిరపడిపోయింది. అదే ధీమాతో ఇక్కడికి వచ్చి 30/60/25 తీసుకుంటారు. ఇక్కడ 30 వేలు దాటిన మరుక్షణం కంపెనీ పక్కకి తప్పుకోవచ్చు, మిగతాది మీ నెత్తిన.

30 వేలు ఎంతలో కరిగిపోతాయో అమెరికాలో ఒక్కసారి ఎమర్జెన్సీ గదికి వెళ్ళొచ్చిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. అంబులెన్స్, స్కాన్, ఒక ఆపరేషన్, రెండు రాత్రులు అయ్యేసరికి అయిపోతాయి. ఆస్తి నష్టానికి 25 వేలంటే ఇంకా నవ్వొస్తుంది. టెక్సస్ రోడ్ల మీద కనిపించే కొత్త పికప్ ట్రక్కుల్లో చాలావాటి ధర 50 వేలు దాటింది. పైగా ఆ 25 వేలు ఒక్క బండికి కాదు, ఆ ప్రమాదంలో పాడైన బండ్లన్నిటికీ కలిపి. ఎడమపక్క నడిపి వచ్చినవాళ్ళకి ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యే గండం లెఫ్ట్ టర్న్. బాణం గుర్తు లేని పచ్చలైట్‌లో ఎదురుగా వచ్చే బండి వేగం అంచనా తప్పి తిప్పేస్తారు. ఒక ట్రక్కు వచ్చి గుద్దుతుంది, అది ఇంకో కారు మీద పడుతుంది. అక్కడితో 25 వేలు చాలవు.

'మన దగ్గర ఏముందని తీసుకుంటారు, స్టూడెంట్స్‌మి కదా' అని పిల్లలు నాతో అంటుంటారు. సగం నిజమే. టెక్సస్‌లో మామూలు అప్పులకి, కోర్టు తీర్పులకి జీతంలోంచి కోత పెట్టడం కుదరదు, ఈ రాష్ట్రం ఆ విషయంలో దయగలది. అయితే తీర్పు పదేళ్ళు బతుకుతుంది, ఆ తర్వాత పొడిగించుకోవచ్చు కూడా. ప్రమాదం మీద వచ్చిన తీర్పు సొమ్ము కట్టకపోతే డ్రైవింగ్ లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. చదువయ్యాక కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం వస్తే, అవతలివాళ్ళు ఆ తీర్పును అక్కడి కోర్టుకి తీసుకెళ్ళి జీతం మీదే వసూలు పెట్టుకునే దారి ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్లవాడికి పదేళ్ళంటే కెరీర్ మొదలయ్యే కాలమంతా.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన రెండు సంతకాల సంగతి.

టెక్సస్ శాసనసభ ఒక మంచి పని చేసి పెట్టింది. పాలసీ అమ్మే ప్రతి కంపెనీ రెండు రక్షణలు అందులో కలిపే ఇవ్వాలి. వద్దనుకుంటే కొనేవాడు రాతపూర్వకంగా వద్దనాలి. సంతకం లేకపోతే అవి ఉన్నట్టే లెక్క. మొదటిది పిప్, అంటే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్. తప్పు ఎవరిదైనా సరే మీకూ, మీ కార్లో కూర్చున్నవాళ్ళకీ వైద్యం ఖర్చులు ఇస్తుంది, దెబ్బల వల్ల పనికి వెళ్ళలేకపోతే పోయిన సంపాదనలో 80 శాతం ఇస్తుంది. మనిషికి 2,500 డాలర్లతో మొదలవుతుంది. అడిగితే 5 వేలకి, 10 వేలకి పెంచుతారు. రెండోది అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్, వాడుకలో యూఎం. మిమ్మల్ని గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోతే, ఉన్నా చాలకపోతే, గుద్దేసి పారిపోతే, వాడి కంపెనీ ఇవ్వాల్సింది మీ కంపెనీ మీకిస్తుంది. పారిపోయిన బండి విషయంలో మాత్రం అది మీ బండికి నిజంగా తగిలి ఉండాలి. తప్పించబోయి మీరే గుంటలో పడితే రాదు. కారు మరమ్మతుకి కూడా యూఎం పనికొస్తుంది, ముందు మీ జేబులోంచి పెట్టుకోవాల్సిన డెడక్టిబుల్ 250 డాలర్లే.

ఈ రెండింటినీ మన పిల్లల చేత వద్దనిపించేస్తున్నారు. ఎలాగంటే, ఫోన్లో ఈ-సంతకం పత్రం వస్తుంది. పసుపురంగు బాణాలు ఎక్కడ చూపిస్తే అక్కడ నొక్కుకుంటూ పోతారు. అందులో ఒకటి 'పిప్ నాకు వద్దు', ఇంకొకటి 'యూఎం నాకు వద్దు'. ఏం నొక్కారో వాళ్ళకి తెలియదు. ఈ-సంతకం కూడా సంతకమే. ప్రమాదం జరిగాక 'నాకెవరూ చెప్పలేదండీ' అంటే మా ఫైల్లో ఆ పత్రం ఉంటుంది, దాని మీద వాళ్ళ పేరు, తేదీ, సమయం సెకన్లతో సహా ఉంటాయి. నేను ఆ పత్రాన్ని తెరిచి చూపించాల్సి వచ్చిన ప్రతిసారీ అవతల ఒక్కటే మాట: 'అన్నా, ప్రీమియం తగ్గుతుందని ఆయనే పెట్టమన్నారు.'

ఆయన ఎవరంటే చాలాసార్లు మనవాడే. తెలుగు ఏజెంటు. మీ సంక్రాంతి సంబరాల్లో స్టాల్ పెట్టినవాడు, మీ ఉగాది బ్యానర్ మీద ఫొటో ఉన్నవాడు. అందరూ అలాంటివాళ్ళేనని అనడం లేదు. గంట కూర్చోబెట్టి వివరంగా చెప్పే ఏజెంట్లు నాకు తెలుసు, వాళ్ళ దగ్గరికే నేనూ పంపిస్తుంటాను. కానీ స్టూడెంట్ 'అందరికంటే తక్కువ ఎంత?' అని అడుగుతాడు. ఏజెంట్లు ఆ అడిగిందే అమ్ముతారు. స్పాన్సర్‌షిప్ డబ్బు మీకు అవసరమని నాకు తెలుసు. హాలు అద్దె, సౌండు, గాయనీగాయకుల టికెట్లు ఊరికే రావు. అయినా మీ బ్యానర్ చూసి నమ్మి వెళ్ళిన పిల్లవాడికి ఆ నమ్మకాన్ని ఇచ్చింది మీరు.

తక్కువ అడగడంలో పిల్లల తప్పేం లేదు. అమెరికాలో క్రెడిట్ చరిత్ర లేదు, ఇక్కడ నడిపిన అనుభవం లేదు, వయసు పాతిక లోపు. టెక్సస్‌లో క్రెడిట్ స్కోరును బట్టి ప్రీమియం వేయడానికి కంపెనీలకి అనుమతి ఉంది. ఈ మూడూ కలిస్తే కొత్త విద్యార్థికి వచ్చే కోట్, అంటే కంపెనీ చెప్పే ధర, చూసి గుండె జారుతుంది. 5 వేలు పెట్టి కొన్న పాత కరోలాకి ఏడాదికి అందులో సగం ఇన్సూరెన్సా అనిపిస్తుంది. అక్కడే తప్పు జరుగుతుంది. తగ్గించాల్సింది వేరే చోట ఉంది. గుద్దుకున్నప్పుడు మీ కారు నష్టానికే ఇచ్చే కొలిజన్ కవరేజ్ పాత కారుకి వదిలేయొచ్చు. కారు పోతే 5 వేలు పోతుంది, అంతే. డాలస్ వైపు వడగళ్ళకి అద్దాలు పగులుతాయని భయపడి కాంప్రిహెన్సివ్ తీసుకుంటారు, పాత బండికి అదీ తప్పనిసరి ఏమీ కాదు. కారుకి అక్కర్లేని ఖర్చు తీసేసి మనిషికి కావలసింది ఉంచుకోవాలి. నేను చూసిన కోట్‌లలో పిప్, యూఎం రెండూ చేర్చితే పెరిగే ప్రీమియం నెలకి ఇద్దరు బయట బిర్యానీ తిన్నంత. 'ఫుల్ కవరేజ్ తీసుకున్నాను అంకుల్' అని ధీమాగా చెప్పే పిల్లల పాలసీ తెరిస్తే కొలిజన్, కాంప్రిహెన్సివ్ ఉంటాయి, పిప్, యూఎం ఉండవు. కారు భద్రంగా ఉంది, లోపలి మనుషుల సంగతే ఎవరూ అడగలేదు.

ఒక లెక్క వేసి చూడండి. ఒకే కార్లో నలుగురు పిల్లలు పోతున్నారు. ఎర్రలైటు దాటి వచ్చినవాడు పక్కనుంచి గుద్దాడు. తప్పు పూర్తిగా వాడిదే. వాడి దగ్గర 30/60/25 ఉంది. నలుగురూ ఆసుపత్రి పాలైతే అందరికీ కలిపి 60 వేలు, సమానంగా పంచితే మనిషికి 15 వేలు. ప్రమాదం జరిగిన 72 గంటల్లోపు చేర్చుకున్న ఆసుపత్రికి ఆ సొమ్ము మీద లీన్ వేసే హక్కు టెక్సస్ చట్టం ఇచ్చింది. అంటే ఆ 15 వేలు పిల్లవాడి చేతికి రాకముందే ఆసుపత్రి తన వాటా పట్టుకుంటుంది. అదే కారు మీద 30/60 యూఎం ఉంటే వాడి 60 వేలు అయిపోయాక ఇంకో 60 వేలు మొదలవుతాయి. పిప్ 5 వేలు ఉంటే ఎవరి తప్పో తేలేదాకా ఆగక్కర్లేకుండా ఒక్కొక్కరి బిల్లుల్లో 5 వేల దాకా ముందే కట్టేస్తుంది. వాళ్ళ అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చి అదే కార్లో తిరుగుతున్నా పిప్ వాళ్ళకీ వర్తిస్తుంది. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాల్లో చిన్న అక్షరాలు చదివినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

తప్పు ఎవరిదన్నది ఇక్కడ అంత ముఖ్యం ఎందుకంటే టెక్సస్‌లో నష్టమంతా తప్పు చేసినవాడి మీదే పడుతుంది, తప్పును శాతాల్లో పంచుతారు. మీ నష్టం 10 వేలు, మీ తప్పు 20 శాతం అని తేలితే మీకు 8 వేలు. 50 శాతం అయితే 5 వేలు. 51 అయిందా, సున్నా. ఆ ఒక్క శాతం కోసమే మా కంపెనీల మధ్య ఉత్తరాలు నడుస్తాయి. అందుకే రోడ్డు మీద కంగారులో 'సారీ, నాదే తప్పు' అనొద్దని పిల్లలకి చెప్పండి. మర్యాదకి అలవాటుగా అనేస్తారు, పాపం. దెబ్బ తగిలిందా అని అడగండి, సాయం చేయండి, తప్పు సంగతి ఎత్తొద్దు. అవతలి కంపెనీ ఫోన్ చేసి 'మీ మాటలు రికార్డ్ చేసుకుంటాం' అంటే ఒప్పుకోవాల్సిన పని లేదు. సొంత కంపెనీకి మాత్రం జరిగింది జరిగినట్టు వెంటనే చెప్పాలి, అది పాలసీలోనే షరతు. నష్టపరిహారానికి కోర్టుకెళ్ళాలంటే రెండేళ్ళ గడువు. డిగ్రీ అయ్యాక చూద్దాంలే అనుకునేవాళ్ళకి ఆ గడువు దాటిపోతుంది.

ఇంకో భయం ఉంది, వీసా భయం. పోలీసులొస్తే రికార్డవుతుందని, ఎఫ్-1 పోతుందని చిన్న ప్రమాదం జరగ్గానే కొందరు వెళ్ళిపోతారు. ఇది చాలా ప్రమాదకరం. టెక్సస్‌లో ప్రమాదం జరిగితే ఆగి తీరాలి. పేరు, చిరునామా, బండి నంబరు, ఇన్సూరెన్స్ కంపెనీ వివరాలు ఇవ్వాలి, లైసెన్స్ అడిగితే చూపాలి, గాయపడినవాళ్ళకి సాయం అందేలా చూడాలి. ఎవరికైనా తీవ్ర గాయమై ఉండగా వదిలేసి పోతే అది ఫెలొనీ, అంటే పెద్ద నేరం. ఎవరైనా చనిపోతే రెండో డిగ్రీ ఫెలొనీ, ఇంకా తీవ్రం. గుద్దినందుకు టికెట్‌తో పోయేది పారిపోయినందుకు జైలూ వీసా దాకా వెళ్తుంది. ఆగి ఉన్న కారుని గీరినా కాగితం మీద వివరాలు రాసి దాని మీద పెట్టాలి. పెద్ద నగరాల ఫ్రీవే మీద బండి కదిలే స్థితిలో ఉండి ఎవరికీ దెబ్బ తగలకపోతే బండిని పక్కకి తీయాలి. లేన్‌లోనే నిలబెట్టి ఫొటోలు తీస్తూ కూర్చోకూడదు. గాయాలున్నా, బండి కదల్లేకపోయినా పోలీసులకి వెంటనే ఫోన్ చేయాలి. పోలీసు రిపోర్ట్ తర్వాత ఆన్‌లైన్‌లో 6 డాలర్లకి దొరుకుతుంది.

గదిలో ఐదుగురు, కారు ఒకటి, పాలసీ ఒక్కడి పేరు మీద. ఇది మన పిల్లల్లో సర్వసాధారణం. ఇంట్లో ఉండే, నడిపే వాళ్ళందరి పేర్లూ చెప్పమని కంపెనీ అడుగుతుంది. ప్రీమియం పెరుగుతుందని చెప్పరు. ప్రమాదం జరిగినప్పుడు నడిపినవాడు ఆ నాలుగో రూమ్మేట్ అయితే తగువు అక్కడ మొదలవుతుంది. కొన్ని పాలసీల్లో 515ఏ అనే కాగితం ఉంటుంది. 'ఫలానా వ్యక్తి నడిపితే ఈ పాలసీ వర్తించదు' అని పేరు రాసి సంతకం చేయిస్తారు. అప్పుడిక వాదించడానికి కూడా ఏమీ ఉండదు. రాత్రిళ్ళు ఆ కారుతోనే తిండి డెలివరీ చేసేవాళ్ళ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది వీసా నిబంధనలకి విరుద్ధం. సొంత వాడకానికి తీసుకున్న పాలసీలు డెలివరీని మినహాయించడం మామూలే. వీసా, ఇన్సూరెన్స్ రెండు వైపులా నష్టమే. ఫీజులు కట్టడానికి తిప్పలు పడేవాళ్ళని తిట్టడం నాకు ఇష్టం లేదు కాబట్టి ఇంతకంటే రాయను.

ఇన్సూరెన్స్ అసలు లేకుండా నడిపేవాళ్ళు మనలో తక్కువే. ఎవరైనా నెల ప్రీమియం ఎగ్గొట్టి నడిపిస్తుంటే వాళ్ళకి తెలియాల్సింది ఇంతే. టెక్సస్‌ష్యూర్ అనే డేటాబేస్‌లో నంబరు కొట్టగానే పోలీసుకి తెలిసిపోతుంది. మొదటిసారి జరిమానా 175 నుంచి 350 డాలర్లు. రెండోసారి 350 నుంచి వెయ్యి, లైసెన్స్ సస్పెన్షన్, బండిని 180 రోజుల వరకు స్వాధీనం చేసుకునే అవకాశం.

ప్రమాదం జరిగిన మర్నాడే ఫోన్లు మొదలవుతాయి. 'మీకు పరిహారం ఇప్పిస్తాం, ఫలానా చోట థెరపీకి వెళ్ళండి' అని. టెక్సస్‌లో అడగకుండా ఫోన్ చేసి, ఇంటికొచ్చి కేసులు పట్టడం నేరం, దాన్ని బేరట్రీ అంటారు. ఉత్తరం ద్వారా అడగాలన్నా ప్రమాదం జరిగి 30 రోజులు దాటాలి. అలా వచ్చిన ఫోన్లకి పిల్లలు భయంతో ఒప్పుకుని సంతకం పెట్టేస్తారు. మంచి లాయర్లు ఉన్నారు, పెద్ద గాయమైతే లాయర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. కాకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో వాళ్ళు ఎంచుకోవాలి. మరమ్మతు షాపు విషయంలోనూ అంతే. కంపెనీ చెప్పిన షాపుకే వెళ్ళాలని టెక్సస్‌లో ఎవరూ బలవంతం చేయలేరు.

చదువయ్యాక చాలామంది వేరే రాష్ట్రానికి పోతారు. అక్కడ ఈ లెక్కలన్నీ మారతాయి. కాలిఫోర్నియాలో 1967 నుంచి కదలని 15/30/5ని 2025 జనవరి 1న 30/60/15 చేశారు. ఫ్లోరిడాలో మామూలు డ్రైవర్ అవతలి మనిషి గాయాలకి ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న నిబంధనే లేదు. పిప్ 10 వేలు తప్పనిసరి, కానీ ప్రమాదమైన 14 రోజుల్లోపు వైద్యుడికి చూపించుకోకపోతే అది కూడా రాదు. న్యూజెర్సీలో పాలసీ కొనేటప్పుడే, నొప్పికీ బాధకీ దావా వేసే హక్కు తగ్గించుకుంటారా, ప్రీమియం తగ్గిస్తాం అని అడుగుతారు. వర్జీనియా, మేరీల్యాండ్, నార్త్ కరోలినాల్లో మీ తప్పు ఒక్క శాతం ఉన్నా మామూలుగా మీకు ఏమీ రాదు. నార్త్ కరోలినాలోని రాలీలో ఉద్యోగానికి పోయే పిల్లవాడికి టెక్సస్ 51 శాతం లెక్క తలలో ఉంటే నష్టపోతాడు. మీ సంఘాలకి ఆ రాష్ట్రాల సంఘాలతో ఎలాగూ సంబంధాలు ఉన్నాయి కదా.

ఒక మాట మీకు కూడా. ఫ్రిస్కోలో ఇల్లు, రెండు కార్లు, పదహారేళ్ళ కొడుక్కి కొత్తగా లైసెన్స్. మీ సొంత పాలసీలు ఒకసారి తీయండి. ఎన్నేళ్ళ కిందటో తీసుకున్న 30/60 అలాగే ఉండిపోయిన ఇళ్ళు నేను చూశాను. ఇల్లు హోమ్‌స్టెడ్ (సొంతంగా నివసించే ఇంటికి చట్టమిచ్చే రక్షణ) కింద తీర్పుల నుంచి చాలావరకు భద్రమే, కానీ షేర్లు ఉండే బ్రోకరేజ్ ఖాతాకి ఆ రక్షణ లేదు. లైసెన్స్ లేని బంధువుకి కారు తాళం ఇచ్చి, అతను ఎవరినైనా గుద్దితే ఇచ్చినవాడి మీద కూడా దావా వస్తుంది. 250/500 తీసుకుని పైన ఒక మిలియన్ అంబ్రెల్లా, అంటే కారు పాలసీ హద్దు దాటాక కట్టే అదనపు పాలసీ, పెట్టుకోండి.

ఇక నేను అడిగేది. ఈ ఆగస్టులో మీరు జరిపే స్వాగత సభలో సన్మానాలకి ముందు గంటసేపు ఈ విషయానికి ఇవ్వండి. మీ బ్యానర్ ఎక్కాలనుకునే ఏజెంటుకి ఒక షరతు పెట్టండి: విద్యార్థి ఎవరొచ్చినా పిప్, యూఎం ఉన్న కోట్ ముందు చూపించాలి, అవి వద్దనే పత్రం దేనికో తెలుగులో చెప్పకుండా సంతకానికి పంపకూడదు. ఒప్పుకోనివాళ్ళ డబ్బు తీసుకోకండి. మీ వెబ్‌సైట్లో ఒక్క పేజీ పెట్టండి, ప్రమాదం జరిగిన చోట ఏం చేయాలి, ఏం అనకూడదు అని. రాసివ్వమంటే నేను రాసిస్తాను. పై ఏడాది నుంచి గోఫండ్‌మీ పేజీ పెట్టే ముందు ఆ కారులో ఉన్న ప్రతి ఒక్కరి పాలసీ కాగితం, వాళ్ళని గుద్దినవాడి పాలసీ కాగితం తెలిసినవాళ్ళతో చదివించండి. ప్రయాణికుడి సొంత పాలసీలో యూఎం ఉంటే వేరేవాళ్ళ కార్లో దెబ్బ తగిలినా అది వర్తించొచ్చు. ఇది తెలియక వదిలేసిన డబ్బు ఉంది.

ఇప్పటికే సంతకాలు పెట్టేసిన పిల్లలకి కూడా దారి ఉంది. కంపెనీకి ఫోన్ చేసి పిప్, యూఎం చేర్చమంటే పాలసీ మధ్యలో కూడా మామూలుగా చేరుస్తారు, ఆ రోజు నుంచి అమల్లోకి వస్తాయి. జరిగిపోయిన ప్రమాదాలకి మాత్రం వర్తించవు.

నన్ను పిలిస్తే ఏ శనివారమైనా వస్తాను. శాలువా వద్దు, ప్రొజెక్టర్ కూడా అక్కర్లేదు. పిల్లలు తమ పాలసీలో ఏ కవరేజ్ ఎంతుందో రాసుండే డిక్లరేషన్ పేజీ ఫోన్లో తెరిచి పెట్టుకుని కూర్చుంటే చాలు, వరస వరసగా చదువుదాం.

ఇట్లు,
క్లెయిమ్స్ పనిలో ఉన్న ఒక ప్లేనో తెలుగువాడు